నిమిషంన్నర పరిగెత్తాక సగం శక్తికి పడిపోతున్న రిమోట్ పడవ

కెరటం:
అందరికీ నమస్కారం. నా ఎలక్ట్రిక్ పడవ నీటిలో వదిలిన మొదటి నిమిషం ఎంతో చక్కగా పరిగెత్తుతుంది. నిమిషంన్నర దాటాక ఉన్నట్టుండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు సగం వేగానికి పడిపోతుంది. త్రాటిల్ వదిలేసి కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ నొక్కితే పాత వేగం వస్తుంది, కానీ కాసేపటికే మళ్ళీ అదే వరస. ఒడ్డుకు తెచ్చి కొలిస్తే బ్యాటరీలో ఇంకా సగానికి పైగా చార్జ్ ఉంటోంది.

పడవ పొడవు 70 సెంటీమీటర్లు, అడుగు లోతైన వి ఆకారం. మోటారు 36 మిల్లీమీటర్ల వ్యాసం గల బ్రష్‌లెస్, 1800 కేవీ, అంటే ఖాళీగా తిరిగితే వోల్టుకు నిమిషానికి 1800 చుట్లు. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ 120 ఆంపియర్లది, నీటితో చల్లబడే రకం. రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు రెండింటిని జంపర్ వైరుతో సిరీస్‌లో కలిపాను, అంటే మొత్తం నాలుగు సెల్లులు, 5000 ఎంఏహెచ్. ప్రొపెల్లర్ 42 మిల్లీమీటర్లు, రెండు రెక్కలు. మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు ఫ్లెక్స్ షాఫ్ట్, అంటే వంగే తీగ ఇరుసు. ఇవన్నీ ఇంతకుముందు బాగానే పనిచేశాయి, కొత్తగా మార్చింది ఏదీ లేదు.

నీటిగీత:
ఈఎస్‌సీ వేడెక్కి తనను తాను కాపాడుకుంటోందని నా అనుమానం. ముందు నీటి దారి చూడండి. పడవ పక్క నుంచి కూలింగ్ నీరు సన్నని ధారగా బయటికి చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఎక్కడో అడ్డం ఉన్నట్టే. నాచు ముక్క ఒకటి చాలు. సిలికాన్ గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోయినా ఇంతే. నీరు తీసుకునే రంధ్రం వైపు నుంచి సిరంజితో నీళ్ళు కొట్టి చూడండి, తేలిగ్గా బయటికి రావాలి.

చుక్కాని:
కెరటం గారు, ఏ భాగమూ కొనకముందు, ఏ అమరికా మార్చకముందు కొన్ని ప్రశ్నలు. వీటికి జవాబులు దొరికితే సగం వెతుకులాట తప్పుతుంది.

శక్తి పడిపోయినప్పుడు మోటారు శబ్దం ఎలా మారుతోంది? శబ్దం కూడా తగ్గితే మోటారుకు అందే కరెంటు తగ్గుతున్నట్టు. శబ్దం పైకి లేచి పడవ మాత్రం నెమ్మదిస్తే మోటారును షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్‌లో షాఫ్ట్ జారుతోందని, లేదా ప్రొపెల్లర్ గాలి పీలుస్తోందని అర్థం. ఈ రెండూ పూర్తిగా వేరు వేరు దారులు.

ఆ సమయంలో పడవను మళ్ళించే రడ్డర్ మామూలుగా తిరుగుతోందా? రడ్డర్ కూడా ఒక క్షణం మొద్దుబారితే రిసీవర్‌కు అందే వోల్టేజీని, లేదా రేడియో సంకేతాన్ని అనుమానించాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చేస్తుంది. యాంటెన్నా పడవ అడుగున తడిలో పడి ఉంటే దూరం వెళ్ళాక సంకేతం అందక ఫెయిల్‌సేఫ్ రక్షణ పనిచేసి త్రాటిల్ తగ్గిపోవచ్చు. అందుకే అది దూరంలో జరుగుతోందా, దగ్గరలోనూ జరుగుతోందా అన్నది కూడా చెప్పండి.

ఒడ్డుకు రాగానే ఈఎస్‌సీ, మోటారు, బ్యాటరీలు, ప్రతి కనెక్టరు ఎంత వేడిగా ఉన్నాయో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవండి. వేలితో తాకి చెప్పే అంచనా మనిషికో రకంగా ఉంటుంది. మూత తీయగానే కొలవాలి, ఆలస్యమైతే వేడి సర్దుకుపోతుంది.

లంగరు:
చుక్కాని గారి ప్రశ్నలకు ఒకటి కలుపుతాను. పడవలో నీరు చేరుతోందా? మూత అంచు టేపు సరిగా అంటకపోతే లోపల చేరిన నీరు వెనక్కి జరిగి ముక్కు పైకి లేస్తుంది, ఆ బరువుకు అడుగు ఎక్కువగా నీటికి ఆనుకుని మోటారు మీద భారం పెరుగుతుంది. ఒడ్డుకు తెచ్చాక వంచి చూడండి.

కెరటం:
అడిగినవన్నీ చూశాను. మోటారు శబ్దం కూడా తగ్గిపోతోంది. రడ్డర్ మాత్రం ఎప్పటిలాగే చురుకుగా ఉంది. నా ముందు నుంచి పోతున్నప్పుడు కూడా ఇలాగే జరుగుతోంది, కాబట్టి దూరంతో సంబంధం లేదు. కూలింగ్ నీరు ధారగా వస్తోంది, సిరంజితోనూ పరీక్షించాను. లోపల తడి తప్ప నీరు లేదు.

వేడి: ఈఎస్‌సీ 41 డిగ్రీలు, మోటారు 72, బ్యాటరీలు రెండూ 46 దగ్గర. జంపర్ వైరుకు ఒక చివర ఉన్న బుల్లెట్ కనెక్టర్ మాత్రం 88 డిగ్రీలు చూపించింది. దాని మీది ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకుని అంటుకునే తొడుగు) కొద్దిగా గోధుమ రంగుకు తిరిగింది. మిగతా కనెక్టర్లు 45 నుంచి 50 మధ్య.

రాగితీగ:
88 డిగ్రీల కనెక్టర్! మీ దొంగ అక్కడే ఉన్నాడనిపిస్తోంది, కానీ లెక్క వేసి చూద్దాం.

ఈఎస్‌సీ 41 డిగ్రీల దగ్గర వేడి కారణంగా తగ్గదు. కాబట్టి నీటిగీత గారి అనుమానం తీరింది. మిగిలింది తక్కువ వోల్టేజీ కటాఫ్. చాలా ఈఎస్‌సీల్లో సెల్‌కు 3.0 నుంచి 3.4 వోల్టుల మధ్య ఈ గీత పెట్టుకోవచ్చు. మొత్తం వోల్టేజీ ఆ గీత కిందికి దిగగానే శక్తిని సగానికి తగ్గిస్తాయి, త్రాటిల్ వదిలితే మళ్ళీ మొదటికొస్తాయి. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. మీ ఈఎస్‌సీలో ఏ విలువ ఉందో చూడండి.

ఒడ్డున కొలిచిన వోల్టేజీ ఈ విషయంలో మోసం చేస్తుంది. త్రాటిల్ వదలగానే బ్యాటరీ కోలుకుంటుంది. పూర్తి వేగంలో భారీగా కరెంటు లాగుతున్న క్షణంలో ఈఎస్‌సీ ముంగిట ఎంత వోల్టేజీ ఉందన్నదే ముఖ్యం. కనిష్ఠ వోల్టేజీని, గరిష్ఠ కరెంటును గుర్తుపెట్టుకునే వాట్‌మీటరు ఉంటే బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్య కట్టి ఒకసారి నడపండి. నీరు తగలకుండా చుట్టాలి. ఎక్కువ కరెంటుకు తట్టుకునే మీటరు అయి ఉండాలి.

అగ్గిబాట:
ఇంత శ్రమ ఎందుకండీ? ఈఎస్‌సీలో కటాఫ్ పూర్తిగా తీసేయండి. నేను అలాగే నడుపుతున్నాను. లేదా ఇంకా ఎక్కువ సీ రేటింగ్ (సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) ఉన్న బ్యాటరీలు తీసుకోండి, తీరిపోతుంది.

రాగితీగ:
అగ్గిబాట గారు, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆ గీత లైపోను కాపాడటానికే ఉంది. భారం కింద సెల్ 3 వోల్టుల కంటే దిగువకు జారితే లోపల పాడవుతుంది, ఉబ్బుతుంది, తర్వాత చార్జ్ చేసేటప్పుడు నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది. పైగా ఈఎస్‌సీ చూసేది మొత్తం వోల్టేజీనే. నాలుగు సెల్లులు సమానంగా లేకపోతే మొత్తం 13 వోల్టులు కనిపిస్తున్నప్పుడే ఒక బలహీనమైన సెల్ 2.8కి పడిపోయి ఉండవచ్చు. కటాఫ్ ఉన్నప్పుడే అది జరగవచ్చు, తీసేస్తే చెప్పేదేముంది.

సీ రేటింగ్ సంగతి: 5000 ఎంఏహెచ్, 50 సీ అంటే కాగితం మీద 250 ఆంపియర్లు. తయారీదార్లు రాసే ఆ అంకె కంటే చార్జర్ కొలిచి చూపే సెల్ అంతర్గత నిరోధాన్ని నమ్ముతాను. ఇక్కడ కనెక్టరే మంటలా మండుతుంటే కొత్త బ్యాటరీ వచ్చి చేసేది తక్కువ.

చుక్కాని:
రాగితీగ గారి మాటే నాది కూడా. ఈ విషయంలో నాకు రాజీ లేదు. లైపో బ్యాటరీలు వాడుతున్న పడవలో కటాఫ్ ఉండి తీరాలి.

కెరటం:
కటాఫ్ అలాగే ఉంచుతున్నాను. నా ఈఎస్‌సీలో అది సెల్‌కు 3.3, అంటే నాలుగింటికి 13.2 వోల్టులు. వాట్‌మీటరు కట్టి నడిపాను. గరిష్ఠ కరెంటు 112 ఆంపియర్లు, కనిష్ఠ వోల్టేజీ 13.0. శక్తి పడిపోగానే ఒడ్డుకు తెచ్చి కొలిస్తే సెల్లులు 3.84 నుంచి 3.86 మధ్య ఉన్నాయి. చార్జర్ చూపిన అంతర్గత నిరోధాలు 3.4, 3.6, 3.5, 3.7 మిల్లీఓమ్‌లు.

రాగితీగ:
ఇప్పుడు లెక్క కుదురుతుంది చూడండి. భారం లేనప్పుడు 3.85 చొప్పున మొత్తం 15.4 వోల్టులు. నాలుగు సెల్లుల నిరోధం కలిపి 14.2 మిల్లీఓమ్‌లు. 112 ఆంపియర్లకు అందులో పోయేది దాదాపు 1.6 వోల్టులు. అంటే ఈఎస్‌సీ దగ్గర 13.8 కనిపించాలి, వైర్లలో మరి కొద్దిగా పోయినా 13.6 ఉండాలి. మీకు కనిపించింది 13.0. ఆ మిగతా 0.6 వోల్టులు కనెక్టర్ల దగ్గర ఎక్కడో మాయమవుతున్నాయి. 0.6 వోల్టులను 112 ఆంపియర్లతో గుణిస్తే 67 వాట్లు. వేలెడంత లోహపు ముక్కలో 67 వాట్లు కాలితే 88 డిగ్రీలు ఆశ్చర్యం కాదు.

సమస్య నిమిషంన్నర తర్వాతే ఎందుకు వస్తోందన్నదీ దీనితోనే తేలుతుంది. నిండు చార్జ్‌లో 16.8 వోల్టులతో మొదలవుతారు, 2.4 వోల్టులు పోయినా గీతకు చాలా పైనే ఉంటారు. చార్జ్ తగ్గేకొద్దీ ఆ ఎడం కరిగిపోతుంది. పైగా వేడెక్కిన కీలు (కనెక్టర్ అతుకు) నిరోధం ఇంకా పెరుగుతుంది.

నిర్ధారించుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. పడవ అక్కర్లేదు. జంపర్ వైరుతో రెండు బ్యాటరీలను ఎప్పటిలాగే కలిపి, ఈఎస్‌సీ బదులు లారీలకు వాడే 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు రెండు పక్కపక్కన సమాంతరంగా కట్టండి. నాలుగైదు ఆంపియర్లు పారతాయి. బల్బులు బాగా వేడెక్కుతాయి, ఇటుక మీద పెట్టండి, వదిలి వెళ్ళకండి. ఇప్పుడు మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో కీలుకు అటూ ఇటూ ముల్లులు ఆనించండి. మంచి కీలు దగ్గర రెండు మిల్లీవోల్టులు మించదు. చెడ్డ కీలు తానే బయటపడుతుంది.

లంగరు:
చాలా మంచి పద్ధతి. భారీ కరెంటు అవసరం లేకుండానే తేలిపోతుంది. ముల్లులను కనెక్టర్ మీద కాకుండా రెండు వైపులా వైరు రాగి మీదే ఆనించండి, అప్పుడే సోల్డర్ కీలు కూడా కొలతలోకి వస్తుంది. ష్రింక్ ట్యూబు కొద్దిగా కోయాల్సి రావచ్చు.

నెమ్మదినౌక:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది పాత రకం బ్రష్ మోటారుతో నడిచే టగ్ బోటు, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. అది కూడా నెమ్మదిస్తోంది, కానీ ఒక్కసారిగా కాదు, నెలలు గడిచేకొద్దీ. మోటారు వెనక భాగంలో నల్లటి నుసి కనిపిస్తోంది. ఇదే పరీక్ష నాకు పనికొస్తుందా?

లంగరు:
మీది వేరే సంగతి నెమ్మదినౌక గారు. ఆ నల్లటి నుసి కార్బన్ బ్రష్‌లది. అవి అరిగి పొట్టివైతే స్ప్రింగు ఒత్తిడి చాలదు, మోటారుతో తిరిగే రాగి భాగమైన కమ్యుటేటర్‌కు సరిగా ఆనవు. బ్రష్‌లు మార్చి కమ్యుటేటర్‌ను శుభ్రం చేయండి. షాఫ్ట్ గొట్టంలో గ్రీజు కూడా మార్చండి. మరిన్ని వివరాలకు వేరే చర్చ మొదలుపెడితే అక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

కెరటం:
బల్బుల పరీక్ష చేశాను. పారిన కరెంటు 4.6 ఆంపియర్లు. కీళ్ళన్నీ ఒకటి, రెండు మిల్లీవోల్టులు చూపించాయి. గోధుమ రంగుకు తిరిగిన బుల్లెట్ దగ్గర మాత్రం 26 మిల్లీవోల్టులు. ష్రింక్ ట్యూబు తీసి చూస్తే వైరు బుల్లెట్ వెనక ఉన్న కప్పులో కూర్చుంది కానీ సోల్డర్ అంచుల్లోనే అంటుకుంది, లోపల ఖాళీ. వైరు కదిలిస్తే సన్నగా ఊగుతోంది. ఈ జంపర్ వైరు తయారుగా దొరికినదే, నేను సోల్డర్ చేసింది కాదు.

రాగితీగ:
26 మిల్లీవోల్టులను 4.6తో భాగిస్తే 5.6 మిల్లీఓమ్‌లు. 112 ఆంపియర్లకు 0.63 వోల్టులు. మనకు తక్కువపడిన 0.6 అక్కడే దొరికింది.

సోల్డర్ చేసేటప్పుడు: ఇంత లావు వైరుకు చిన్న ఐరన్ చాలదు, 80 వాట్లు లేదా అంతకన్నా ఎక్కువ, వెడల్పు మొన ఉన్నది కావాలి. బుల్లెట్ సరిపోయేంత రంధ్రం చేసిన చెక్క ముక్కలో దాన్ని నిలబెట్టండి, పటకారుతో పట్టుకుంటే వేడంతా పటకారు తాగేస్తుంది. ముందు వైరు చివరకు, కప్పు లోపలికి విడివిడిగా సోల్డర్ పట్టించండి. తర్వాత కప్పులో సోల్డర్ ద్రవంగా ఉన్నప్పుడే వైరు దించి, చల్లబడే వరకు కదపకండి. సోల్డర్ వైరులోకి మరీ లోతుగా పాకనివ్వకండి. పాకితే వైరు అక్కడ కర్రలా గట్టిపడి అదురుకు తెగుతుంది. బ్యాటరీ వైపు కనెక్టర్ ఎప్పుడైనా మార్చాల్సి వస్తే మాత్రం ఒకసారి ఒక వైరే, రెండోది పూర్తిగా కప్పి ఉంచాలి.

బుల్లెట్ స్ప్రింగు పట్టు కూడా చూడండి. ఒకసారి అంత వేడెక్కిన బుల్లెట్‌కు పట్టు సడలిపోతుంది. నా మాట వింటే దాన్ని పారేసి ఆ జతను కొత్తది వేయండి.

నీటిగీత:
కీలు సరిచేసుకోవడం తప్పదు, కానీ నాకు 112 ఆంపియర్లు కూడా నచ్చడం లేదు. ఆ పరిమాణం పడవకు, ఆ మోటారుకు ఇది ఎక్కువ. మోటారు 72 డిగ్రీల్లో ఉంది, అది పైకి కనిపించే వేడి, లోపల అయస్కాంతాల దగ్గర ఇంకా ఎక్కువ. మామూలు శ్రేణి నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల దగ్గరే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. ఒకసారి బలం పోయిందంటే మోటారు ఖాళీగా తిరిగినా ఎక్కువ కరెంటు తాగుతుంది, తిరిగి రాదు.

ప్రొపెల్లర్ తీసుకునే శక్తి వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది. 42 నుంచి 40కి దిగితే అదే వేగంతో తిరిగినప్పుడు భారం ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. పిచ్ నిష్పత్తి (వ్యాసంతో పోల్చిన రెక్కల వాలు) అలాగే ఉంచి 40 ప్రయత్నించండి. మోటారు మరి కొంచెం వేగంగా తిరుగుతుంది కాబట్టి పడవ వేగంలో పెద్ద తేడా తెలియదు.

లంగరు:
ప్రొపెల్లర్ మార్చేముందు ఒక్క మాట. కొత్తగా ఏదీ మార్చలేదని కెరటం గారు మొదట్లోనే చెప్పారు. మునుపు ఇదే ప్రొపెల్లర్‌తో బాగా నడిచింది. అందుకని కరెంటు ఎక్కువ కావడానికి రాపిడి కారణమేమో చూడాలి. షాఫ్ట్ బయటికి లాగి చూడండి. గ్రీజు నల్లబడి ఎండిపోయిందా, లోపలి లైనర్ కరిగిందా, తీగ మీద ఒకచోట మెరుపు గీత పడిందా.

ఇంకొకటి, చాలామంది గమనించరు. ఫ్లెక్స్ షాఫ్ట్ భారం మీద బిగుసుకుని కొద్దిగా పొట్టిదవుతుంది. ప్రొపెల్లర్ ముందుండి దాన్ని తిప్పే డ్రైవ్ డాగ్‌కూ, పడవ వెనక షాఫ్ట్‌ను పట్టి ఉంచే స్ట్రట్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కప్లింగ్‌లో షాఫ్ట్ మెల్లగా లోపలికి జరిగిపోతే ఆ ఖాళీ పోయి, పూర్తి వేగంలో డాగ్ స్ట్రట్‌ను రాసుకుంటుంది. చేతితో తిప్పినా, గాలిలో తిప్పి కరెంటు కొలిచినా ఇది కనిపించదు. స్ట్రట్ వెనక ముఖం మీద నిగనిగలాడే వలయం ఉంటే అదే సాక్ష్యం.

కెరటం:
లంగరు గారు, వలయం ఉంది! ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా లేదు. గ్రీజు కూడా బూడిద రంగుకు తిరిగింది, లైనర్ మాత్రం బాగుంది. షాఫ్ట్ తుడిచి, మెరైన్ గ్రీజు పట్టించి, 3 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి కప్లింగ్ బిగించాను. కప్లింగ్ లోపల, షాఫ్ట్ మీద ఉన్న నూనె మరకను స్పిరిట్‌తో తుడిచాకే బిగించాను, మళ్ళీ జారకూడదని. జంపర్ వైరుకు రెండు వైపులా కొత్త బుల్లెట్లు వేశాను. బల్బుల పరీక్షలో ఇప్పుడు అన్నిచోట్లా ఒకటిన్నర మిల్లీవోల్టుల లోపే.

చుక్కాని:
ముందు పాత 42 ప్రొపెల్లర్‌తోనే నడిపి కొలవండి. అంకెలు రాసుకున్నాక 40 వేయండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఎంత సాయం చేసిందో తెలియదు.

కెరటం:
అలాగే చేశాను. 42తో గరిష్ఠ కరెంటు 104, కనిష్ఠ వోల్టేజీ 13.7. శక్తి పడిపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. మోటారు 66 డిగ్రీలు, జంపర్ కనెక్టర్ 47.

40తో గరిష్ఠం 88 ఆంపియర్లు, కనిష్ఠం 14.1, మోటారు 57 డిగ్రీలు. నీటిగీత గారు చెప్పినట్టు వేగంలో తేడా కంటికి ఆనలేదు. మలుపుల్లో మాత్రం 42 ఉన్నప్పటి ఊపు కొంచెం తగ్గింది.

నీటిగీత:
చాలా సంతోషం. మలుపుల్లో ఊపు కావాలంటే బ్యాటరీలను ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి చూడండి. ముక్కు తేలికపడితే నీటి మీద ఆనే భాగం తగ్గుతుంది. కానీ అలల్లో ముక్కు ఎగరడం మొదలైతే వెంటనే ముందుకు తెచ్చేయండి.

అగ్గిబాట:
నేను కూడా కటాఫ్ మళ్ళీ 3.3కి పెట్టాను. నా బ్యాటరీల్లో ఒక సెల్ నిరోధం మిగతా వాటికి రెట్టింపు ఉందని ఇప్పుడే చూశాను. దాన్ని ఏం చేయాలి?

రాగితీగ:
దాన్ని పడవలో ఇక వాడకండి. ఉబ్బు కూడా ఉంటే పూర్తిగా డిశ్చార్జ్ చేసి, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. చెత్తలో వేయకండి.

కెరటం గారు, కటాఫ్ మీద ఆధారపడి నడపకుండా ట్రాన్స్‌మిటర్‌లో టైమరు పెట్టుకోండి. బ్యాటరీలో 80 శాతం మించి వాడకూడదు, అంటే మీకు 4000 ఎంఏహెచ్. ఒకసారి కొంతసేపు నడిపి, చార్జర్ తిరిగి ఎంత నింపిందో చూస్తే నిమిషానికి ఎంత ఖర్చో తెలుస్తుంది.

కెరటం:
40 ప్రొపెల్లర్‌తో రెండున్నర నిమిషాలు నడిపాక చార్జర్ 3100 ఎంఏహెచ్ నింపింది. అంటే నిమిషానికి 1240. మూడు నిమిషాలకు టైమరు పెట్టాను, ఒడ్డుకు తెచ్చుకోవడానికి కొంత మిగులుతుంది. బ్యాటరీలు ఇప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిల్వలో ఉన్నాయి. అందరికీ కృతజ్ఞతలు. బ్యాటరీలు వెనక్కి జరిపి నడిపాక మలుపుల సంగతి ఇక్కడే రాస్తాను.